బొమ్మల కోసం వచ్చే అమ్మ

డిసెంబరు నెలలో తాడేపల్లిగూడెంలోని మా తమ్ముడి ఇంటికి వెళ్లకుండా ఏదో ఒక వంక చెప్పి తప్పించుకోవడం నాకు ఏనాటి నుంచో అలవాటు. మోకాళ్ల నొప్పులంటాను, చర్చిలో పనులంటాను, రైళ్లు రద్దీగా ఉన్నాయంటాను. ఈ మాటు మాత్రం వాడికి కంటి ఆపరేషన్ అయింది. అక్కనై ఉండి చూడటానికి కూడా పోకపోతే నలుగురూ ఏమనుకుంటారని కాదు, నాకే మనసొప్పలేదు. ఏలూరులో పాసింజరెక్కాను. భీమడోలులో కిటికీ దగ్గర చోటు దొరికింది. కోతలైపోయిన చేలు, వాటి మధ్య చేపల చెరువులు చూస్తూ కూర్చున్నాను. పక్కావిడ నా చేతిసంచి చూసి, "పండక్కి పుట్టింటికాండీ?" అని పలకరించింది. కాదని తల అడ్డంగా ఊపి కిటికీ వైపు తిరిగిపోయాను. అలా చేయకుండా ఉండాల్సింది, కానీ ఆ నెలలో నా నోరు నా మాట వినదు.

మా తమ్ముడి పేరు దానియేలు. ఇంట్లో చిన్నోడు. అరవై ఏళ్లు దగ్గర పడ్డా నాకు చిన్నోడే. గూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తాగా చేసి మానేశాడు. భార్య పోయిన దగ్గర్నుంచి కూతురు సునీత దగ్గరే ఉంటున్నాడు. సునీత అంటే నాకు మేనకోడలు. దానికి ఇద్దరు పిల్లలు, చిన్న బళ్లో చదువుతున్నారు. మనిషి మంచిది, ఒక్కచోట కుదురుగా ఉండదు, వంట చేస్తూనే ఫోను చూస్తుంది. ఆ ఫోనులో ఎవరో చూపించారట, పండగ దాకా రోజూ పిల్లలు లేచేసరికి ఇంట్లో ఏదో ఒక మూల బొమ్మలతో ఒక చిత్రం తయారుచేసి పెట్టాలట. నేను వెళ్లిన మర్నాడు పొద్దున్నే ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల ఎర్రటోపీ క్రిస్మస్ తాత బొమ్మ, మెడ దాకా చేతిరుమాలు కప్పుకుని, గుడ్ల అర పక్కన పడుకుని ఉంది. ముందు చిన్న చీటీ, 'చలేస్తోంది, తలుపు వేయండి' అని. పిల్లలిద్దరూ ఇల్లెగిరిపోయేలా కేకలు. ఆ ముందురోజు కోతిబొమ్మ ఆ పిల్లల నాన్న కళ్లజోడు పెట్టుకుని పేపరు చదివిందట. పిల్లలు పరిగెత్తుకెళ్లి కంటికి పచ్చగుడ్డ కట్టుకున్న తాతకి చెబుతుంటే, వాడు చూడలేకపోయినా పడీపడీ నవ్వుతున్నాడు.

"అత్తయ్యా, రేపటిది మీరు పెట్టండి. మామ్మ పెట్టిందంటే పిల్లలకి ఎంత సరదానో" అంది సునీత.

"నాకు రాదమ్మా."

"రాకపోవడానికి ఏముందత్తయ్యా, రెండు నిమిషాల పని. బొమ్మలు నేనిస్తాగా."

"రాదన్నాను కదే! ఒకసారి చెబితే అర్థం కాదా నీకు?" అని కసిరాను. చేతిలో గరిటె పట్టుకుని అది అలాగే నిలబడిపోయింది. గదిలోంచి తమ్ముడు, "ఏంటక్కా, పాపం పిల్ల మీద పడతావు? సరదాగా అడిగితే" అన్నాడు. నాకు ఇంకా ఒళ్లు మండింది. ఈ ఆటను చూసి నవ్వే హక్కు ఈ లోకంలో ఎవరికున్నా వీడికి లేదు అనిపించింది ఆ క్షణాన. పాపం, వాడికేం తెలుసు! వాడికి ఏదీ గుర్తులేదు. గుర్తున్నది నాకొక్కదానికే. ఎలిమెంటరీ బడిలో పంతులమ్మగా ఎంతమంది పిల్లలకో మట్టితో, అట్టతో, చింతగింజలతో బొమ్మలు చేసిచ్చిన దాన్ని నేను. నాకు రాక కాదు.

కొల్లేటి ఒడ్డున మా ఊరు. వానాకాలం నీళ్లొస్తే రోడ్డు దాకా దోనె మీద పోవాల్సిందే. గట్టు మీద వరసగా తాటాకిళ్లు, చివర్న చర్చి. డిసెంబరు వచ్చేసరికి నీళ్లు వెనక్కి తగ్గి, గట్ల మీద బురద ఎండి పెచ్చులు లేచేది. కొత్త గడ్డి వాసన, ఎండుచేపల వాసన, ఇళ్లకి పూసిన తడిసున్నం వాసన కలిసిపోయి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా సున్నం వేస్తుంటే నేను ఆ వీధిలో నిలబడను. నాన్న వరిచేలలో పనికి పోయేవాడు, పని లేని రోజుల్లో మావులు వేసేవాడు. మావులంటే వెదురుపుల్లలతో అల్లిన చేపల బుట్టలు, లోపలికి పోయిన చేప బయటికి రాలేదు. మాట తక్కువ మనిషి. చుట్ట వెలిగించుకుని అరుగు మీద కూర్చుంటే ఆయన ఉన్నాడో లేడో తెలిసేది కాదు. మా అమ్మ కరుణమ్మ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఊడ్పులకి పోయినా, కోతలకి పోయినా ఆమె ఉన్న చోట నవ్వులు వినిపించేవి. "కరుణమ్మకి పిల్లలు ముగ్గురర్రా, అందులో పెద్దది కరుణమ్మే" అని ఊళ్లోవాళ్లు ఆటపట్టించేవాళ్లు. నిజానికి మేం ఇద్దరమే, నేనూ చిన్నోడూ.

ఇంటి ముందు వెదురుబద్దలతో నక్షత్రం కట్టి రంగుకాగితం అంటించిన మర్నాటి నుంచి పండగ రోజు దాకా అమ్మకి ఒక పిచ్చి పట్టేది. మాకున్న బొమ్మలు మూడే. అమ్మ పాత చీరతో కుట్టిన రత్తమ్మ అనే గుడ్డబొమ్మ, ఎవరో టీచరుగారు ఇచ్చిన, ఒక చక్రం ఊడిన రేకుబస్సు, చెరువు మట్టితో అమ్మే చేసిన గేదె. మేం లేచేసరికి ఈ మూడూ ఇంట్లో ఏదో ఒక ఘనకార్యం చేసి దొరికిపోయి ఉండేవి. ఒకరోజు రత్తమ్మ చేటలో కూర్చుని గరిటెతో దోనె నడుపుతూ ఉండేది. ఒకరోజు ఉట్టి మీదికెక్కి మూతినిండా బెల్లం పూసుకుని ఉండేది. బస్సు నిండా చింతగింజల ప్రయాణికులు, ఎదురుగా రోడ్డుకి అడ్డంగా బీరకాయ, ప్రయాణికులు సగంమంది కిందపడి ఉండేవారు. గేదెని మంచంకోడుకి కట్టేసి, ముందు గడ్డి వేసి, వెనక నిజం పేడ పెట్టింది ఒకసారి. ఆ పేడ చూసి చిన్నోడు నవ్వీనవ్వీ వెక్కిళ్లు తెచ్చుకున్నాడు. నాన్న లేచి, "నా చుట్టేదే?" అని వెతుక్కుంటుంటే అది రత్తమ్మ నోట్లో ఉండేది. "పనిలేని పని" అని గొణుక్కుంటూ లాక్కునేవాడు.

ఎవరు చేశారని అడిగితే అమ్మ అమాయకంగా మొహం పెట్టి, "నాకేం తెలుసర్రా, నేనూ ఇప్పుడే లేచాను" అనేది. ఐదేళ్లు నిండని చిన్నోడికి కూడా అది అమ్మే అని తెలుసు. అమ్మ చేస్తుందని తెలిసీ తెలియనట్టు ఉండటమే ఆట. మధ్యాహ్నం ఎండలో నడుం వంచి కోత కోసిన మనిషి, తెల్లవారకముందే లేచి మా కోసం ఈ వేషాలు వేసేది. అప్పుడు నాకు అది వింతగా అనిపించలేదు. అమ్మలందరూ ఇంతే అనుకున్నాను.

ఆ సంవత్సరం చేలు కోతకొచ్చే రోజుల్లో అమ్మకి పచ్చకామెర్లు వచ్చాయి. ఆకుపసరు పోయించారు, చప్పిడి పథ్యం పెట్టారు. తగ్గలేదు. మనిషి వారం తిరిగేసరికి మంచానికి అంటుకుపోయింది, కళ్లు పచ్చగా అయిపోయాయి. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్దామని నాన్న ఆమెను చేతుల మీద ఎత్తుకుని దోనెలో పడుకోబెట్టాడు. అమ్మ తలెత్తి, "ఒరే చిన్నోడా, ఒక్కసారి ఇలా రారా. ముద్దిచ్చిపో" అని పిలిచింది. వాడు నా పావడా పట్టుకుని వెనక్కి దాక్కున్నాడు. "నేను రాను. నీ కళ్లు బాలేవు. పో" అన్నాడు. నేను వాణ్ణి ముందుకు తోశాను, అయినా వాడు కదల్లేదు. అమ్మ నవ్వింది. "సరేలేరా, కళ్లు కడుక్కుని వస్తాను" అంది. దోనె కదిలింది.

అదే సాయంత్రం మా మేనత్త గూడెం నుంచి వచ్చి చిన్నోణ్ణి తనతో తీసుకుపోయింది. మేనత్త నాన్నకి అక్క, ఇంట్లో పెద్దదిక్కు. ఆమె మాటంటే నాన్న నోరెత్తేవాడు కాదు. అమ్మ ఏలూరు నుంచి ప్రాణంతో రాలేదు. చర్చి వెనకాల సమాధుల దొడ్లో పెట్టారు. చిన్నోణ్ణి తీసుకురావద్దని మేనత్తే చెప్పింది. పసివాడు జడుసుకుంటాడంది. అన్నీ అయిపోయాక, ఇల్లు కడిగి, అమ్మ చీరలు పెట్టెలో పెట్టి తాళం వేశాక వాణ్ణి తీసుకొచ్చింది. వాడు ఇంకా గట్టు కింద ఆడుకుంటుండగానే ఆమె గుమ్మంలో నిలబడి మా ఇద్దరికీ గట్టిగా చెప్పింది.

"వాడికి ఎవరూ చెప్పకండి. చంటివెధవ, బెంగెట్టుకుని చచ్చిపోతాడు. అమ్మ ఆసుపత్రిలో ఉందనీ, పండక్కి వచ్చేస్తాదనీ చెప్పాను. పండగయ్యాక నిదానంగా చెప్పుకుందాం."

"పండక్కి వస్తదని ఎందుకు చెప్పావక్కా?" అన్నాడు నాన్న.

"మరేం చెప్పమంటావురా? ఆ నోటితో అమ్మా అమ్మా అని అడుగుతుంటే నీకైతే తెలుస్తాది."

ఇప్పుడు తలుచుకుంటే మేనత్త మీద నాకు ఎంత కోపం వస్తుందో, అంత జాలీ వేస్తుంది. మా ఇంట్లో ఏడవడానికి లేకుండా పోయింది. పరామర్శకి వచ్చిన ఆడవాళ్లని మేనత్త వాకిట్లోనే ఆపి, సైగలు చేసి, నోరు మూయించి పంపించేది. నాకు ఏడుపొస్తే గడ్డివాము వెనక్కి పరిగెత్తేదాన్ని. నాన్న ఎక్కడ ఏడ్చేవాడో నాకు తెలియదు. ఊరు ఊరంతా అబద్ధం నేర్చుకుంది. చిన్నోడు కనిపించిన ప్రతివాళ్లనీ ఆపి, "మా అమ్మ ఎప్పుడొస్తదండీ?" అని అడిగేవాడు. "ఇదిగో నాయనా, రేపో ఎల్లుండో" అని అటు తిరిగి కళ్లొత్తుకునేవాళ్లు. చర్చి వెనక్కి మాత్రం వాణ్ణి పోనిచ్చేవాళ్లం కాదు, పాములున్నాయని చెప్పాం.

నక్షత్రం కట్టే రోజు వచ్చింది. పక్కింటివాళ్లు మా ఇంటికీ ఒకటి కట్టారు. చిన్నోడు దాన్ని చూసి లోపలికి వచ్చి మూలనున్న బొమ్మల బుట్ట వంక చూశాడు. "అమ్మ లేదుగా. రత్తమ్మని ఎవరు ఆడిస్తారు?" అన్నాడు. అన్నం దగ్గర కూర్చుని ముద్ద మింగలేదు. అప్పటికే వాడు తిండి మానేసి ఎముకలు తేలాడు. నాన్న అరుగు మీద కూర్చుని ఇదంతా విన్నాడు.

మర్నాడు పొద్దున లేచేసరికి మావులో రత్తమ్మ ఉంది. చేపల బుట్టలో చేప దొరికినట్టు, చేతులు పుల్లల మధ్య ఇరుక్కుని ఉంది. పక్కనే బస్సు, దాని పక్కనే గేదె, మూడూ ఒక వరసలో, ప్రార్థనకి నిలబెట్టినట్టు. బస్సుని గుంజకి వలదారంతో ముడి మీద ముడి వేసి కట్టేసి ఉంది. ఆ ముడి చూడగానే అది ఎవరి చెయ్యో నాకు తెలిసిపోయింది. ఆటంటే ఏమిటో తెలియని మనిషి, పెళ్లాం చేసే పనిని పనిలేని పని అన్న మనిషి, తనకి తెలిసిన ఒక్క సరంజామాతో ఆడబోయాడు. నాన్న దూరంగా వేపపుల్ల నములుతూ ఓరకంటితో చూస్తున్నాడు. పిల్లాడు ఒక్క నవ్వు నవ్వితే చాలని చూస్తున్నాడు.

చిన్నోడు లేచాడు, చూశాడు. కళ్లు ఇంతలయ్యాయి.

"అమ్మొచ్చింది! అక్కా, అమ్మొచ్చింది!"

వాడు ఇల్లంతా పరిగెత్తాడు. వంటసాలలో చూశాడు, దొడ్లో చూశాడు, మంచం కింద చూశాడు. నాన్న నోట్లో వేపపుల్ల అలాగే ఉండిపోయింది. ఆయనకి ఈ ఆలోచన రానేలేదు. ఈ ఆట అమ్మ ఆడుతుందని వాడికి తెలుసు కదా, బొమ్మలు కదిలాయంటే అమ్మ వచ్చినట్టే కదా! మేమెవ్వరం అంత దూరం ఆలోచించలేదు. మేనత్త చటుక్కున అందుకుంది. "వచ్చిందిరా. వచ్చి పోయింది. డాక్టరుగారు ఉండనివ్వలేదంట." వాడు గుమ్మంలో చతికిలబడ్డాడు. "నన్ను లేపలేదే?" అన్నాడు.

ఆ రోజు మాత్రం కడుపునిండా తిన్నాడు. అది చూసి మేనత్త, "చూశావా, రేపు కూడా పెట్టు" అంది నాన్నతో. ఆయన మర్నాడు పెట్టలేదు. బొమ్మలు కదలకపోయేసరికి చిన్నోడికి ఏడుపు, ఏడ్చీ ఏడ్చీ ఒళ్లు కాలిపోయింది. ఇంక గత్యంతరం లేక నాన్న రోజూ పెట్టడం మొదలుపెట్టాడు. తానే వేసిన మావులో తానే పడ్డాడు మా నాన్న. రత్తమ్మని కుండ మీద కూర్చోబెట్టేవాడు, కొడవలి చేతికిచ్చేవాడు, గడ్డిమోపు నెత్తిన పెట్టేవాడు. నవ్వు వచ్చేది ఒక్కటీ లేదు. అన్నీ కష్టం చేసుకునే బొమ్మలే.

చిన్నోడిలో సంతోషం రెండు మూడు రోజులే నిలిచింది. తరవాత వాడు బొమ్మల దగ్గరికి పోవడం మానేశాడు. దూరం నుంచి చూసి మొహం తిప్పుకునేవాడు. "నిన్న కూడా వచ్చిందా?" అనేవాడు. "వచ్చిందిరా" అనేది మేనత్త. "నన్ను లేపొచ్చుగా!" అని కాలు నేలకేసి కొట్టేవాడు. "నువ్వు నిద్రలో ఉన్నావని లేపలేదు నాన్నా" అని ఆమె బుజ్జగిస్తే వాడు వినేవాడు కాదు. ఒకరోజు గడ్డివాము దగ్గర నా పక్కన కూర్చుని, "అక్కా, అమ్మకి నేనంటే కోపం" అన్నాడు.

"ఎందుకురా కోపం?"

"దోనె దగ్గర పిలిస్తే నేను పోలేదుగా. కళ్లు బాలేవు అన్నాను. అందుకే బొమ్మల కోసం వస్తాది, నా కోసం రాదు."

చెప్పేద్దామని నాలుక చివరి దాకా వచ్చింది, మేనత్త కళ్లు గుర్తొచ్చి మింగేశాను. వాడు ఊరుకోలేదు. "నాక్కూడా అదంటే కోపమే. అది మంచిది కాదు" అన్నాడు. అమ్మని అది అన్నాడు. వాకిట్లో వల బాగుచేసుకుంటున్న నాన్నకి ఆ మాట వినపడింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు చిన్నోడు మళ్లీ అన్నం మానేశాడు.

ఆ సాయంత్రం వాడు నాన్న వలదారం ఒక మూర తెంపి తెచ్చుకున్నాడు. ఒక కొస రత్తమ్మ మెడకి కట్టాడు, రెండో కొస తన కాలి బొటనవేలికి కట్టమని నన్నడిగాడు. "రత్తమ్మని ముట్టుకుంటే నా వేలు లాగుతాది. నేను లేచిపోతాను. ఇవాళ దొరికిపోతాది అక్కా" అన్నాడు. నేను కట్టాను. వాడి వేలు బొబ్బట్టేలా ఉంటే కాస్త వదులు చేశాను. ఏం చేయాలో తెలియలేదు, చేతికొచ్చింది చేశాను.

చీకటితోనే నాన్న లేచిన అలికిడికి నాకు మెలకువ వచ్చింది. చాప మీద కదలకుండా పడుకుని చూశాను. ఆయన వంగి రత్తమ్మని ఎత్తబోయాడు. దారం బిగిసింది. చిన్నోడి కాలు కొంచెం కదిలింది. నాన్న ఉలిక్కిపడి ఆగాడు. దారాన్ని వేలితో తడుముకుంటూ పోయి, అది ఎక్కడ కట్టి ఉందో చూశాడు. బొమ్మని ఉన్నచోటే మెల్లగా దించాడు. ఆయన వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. బొమ్మ పక్కనే మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. మేనత్త లేచి, ఏంటన్నట్టు చెయ్యి తిప్పింది. ఆయన అడ్డంగా తలూపాడు. కోడి కూసింది, తడిక సందుల్లోంచి వెలుగొచ్చింది. ఆయన అలాగే కూర్చున్నాడు.

చిన్నోడు కళ్లు తెరిచి మొదట వేలు చూసుకున్నాడు, తరవాత దారం, తరవాత నాన్నని. నాన్న వాడు చూస్తుండగానే రత్తమ్మని తీసి, పక్కనున్న పీట మీద కూర్చోబెట్టాడు.

"రోజూ పెట్టేది నేనేరా" అన్నాడు.

"అమ్మ కాదా?"

"కాదు. నేనే."

"అమ్మేది మరి?"

మేనత్త, "ఒరేయ్, నోర్ముయ్యరా!" అని పరిగెత్తుకొచ్చింది. నాన్న ఆమె వంక చూడలేదు. జీవితంలో ఆయన అక్క మాట జవదాటింది అదొక్కసారే. "అమ్మ లేదు నాన్నా. చచ్చిపోయింది. నువ్వు గూడెంలో ఉన్నప్పుడే చచ్చిపోయింది. ఇంకెప్పుడూ రాదు" అన్నాడు. ఒక్కో మాటా విడివిడిగా, పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పాడు.

వాడు ఏడుస్తాడని మేమంతా ఊపిరి బిగపట్టుకున్నాం. వాడు పీట మీది రత్తమ్మ వంక చూశాడు.

"అయితే, వచ్చి నన్ను లేపకుండా పోలేదా?"

"లేదురా. రానేలేదు."

"నామీద కోపం లేదా?"

"నీమీద కోపమేంట్రా! దోనెలో నీ మాటలే చెప్పుకుని నవ్వింది."

చిన్నోడు పెద్ద ఊపిరి వదిలాడు. మొహమంతా విప్పారింది. వాడు నవ్వాడండీ. తల్లి చచ్చిపోయిందని చెబితే నవ్వాడు. కాలి దారం వాడే విప్పుకుని, "అక్కా, ఆకలేస్తోంది" అన్నాడు. నేను చద్దన్నం పెడితే కంచం ఊడ్చి తిన్నాడు. అప్పటిదాకా బిగపట్టిన ఏడుపు మేనత్తకి అప్పుడు పొంగింది. ఆమె గుండెలు బాదుకుని ఏడ్చింది, నాన్న గుంజకి తల ఆనించి ఏడ్చాడు, నేను గడ్డివాము దాకా పోనక్కర్లేకుండా నట్టింట్లో కూర్చుని ఏడ్చాను. మా అమ్మకి మా ఇంట్లో ఏడుపు జరిగింది ఆ రోజే. చిన్నోడు మాత్రం చెయ్యి కడుక్కుని గట్టు మీదికి పరిగెత్తాడు. ఇంటింటికీ పోయి, వాకిట్లో నిలబడి, "మా అమ్మ చచ్చిపోయిందండీ. నామీద కోపం లేదంటండీ" అని చెప్పొచ్చాడు. ఒక్క ఇల్లు కూడా వదల్లేదు. ఆ మాట విని గట్టంతా గొల్లుమంది.

ఆ తరవాత వాడు అమ్మని అడగలేదు. ఏడాది తిరిగేసరికి మరిచిపోయాడు. బొమ్మలు ఏమయ్యాయో నాకు తెలియదు, నేనూ వెతకలేదు. ఈ కాలంలో పిల్లల్ని మరీ గారాబం చేస్తున్నారని నేను సునీతని ఎన్నోసార్లు తిట్టాను. కానీ వాళ్లమ్మ పోయినప్పుడు అది తన పిల్లలిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని శవం దగ్గరికి తీసుకొచ్చింది. "అమ్మమ్మ చనిపోయింది, ముద్దు పెట్టి రండి" అంది. వాళ్లు పెట్టారు, ఏడ్చారు, ఆ రాత్రి పడుకున్నారు. ఎన్ని బొమ్మలు కొనిచ్చినా, ఎన్ని వీడియోలు చూపించినా ఆ ఒక్క పని చేసినందుకు దాన్ని ఏమీ అనకూడదు. అంత కసిరినందుకు ఆ సాయంత్రం దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని తల దువ్వాను.

అప్పుడే తమ్ముణ్ణి అడిగాను, "ఒరే, నీకు అమ్మ అసలు గుర్తుందా?" అని.

"ఎక్కడక్కా, మొహం కూడా గుర్తులేదు" అన్నాడు కంటి మీద గుడ్డ సర్దుకుంటూ.

సునీత నవ్వింది. "నాన్నకి ఏదీ గుర్తుండదు గానీ అత్తయ్యా, ఒకటే పిచ్చి. మా ఆయన తెల్లవారుజామున డ్యూటీకి పోతున్నా సరే, నాన్నని లేపి చెప్పి పోవాల్సిందే. నిద్ర ఎందుకు చెడగొట్టడమని ఎవరైనా ఊరికే వెళ్లిపోతే ఆ పూట అన్నం ముట్టరు. చిన్నపిల్లాడిలా అలుగుతారు."

"ఏమోనే, చిన్నప్పట్నుంచీ అంతే" అన్నాడు వాడు సిగ్గుపడుతూ. "నేను నిద్రలో ఉండగా ఎవరైనా వెళ్లిపోతే ఎందుకో ఒళ్లు మండిపోతుంది. ఎందుకో నాకే తెలీదు."

నేను లేచి వంటింట్లోకి వెళ్లి, మంచినీళ్లు తాగే వంకన కాసేపు నిలబడ్డాను.

మర్నాడు నాది తొలి బండి. సునీత ఆటో పిలిచింది. తమ్ముడు చుక్కలమందు వేయించుకుని గాఢంగా నిద్రపోతున్నాడు. బాగా విశ్రాంతి కావాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. చేతిసంచి గుమ్మంలో పెట్టి వెనక్కి వచ్చాను. వాడి భుజం మీద చెయ్యి వేసి కుదిపాను.

"ఒరే చిన్నోడా, లేరా. నేను వెళ్తున్నాను."

వాడు కదిలి, తడుముకుంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. "వెళ్తున్నావా అక్కా? సరే, వెళ్లిరా" అన్నాడు. అటు తిరిగి మళ్లీ హాయిగా నిద్రపోయాడు.